అద్దె ఇంటికి మెరుగులు కాదు, మేలు ముఖ్యం

క్రీ.శ. 622. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా నుండి హిజ్రత్ చేసి మదీనా చేరుకున్నారు. తమ ఇంట బస చేయవలసిందిగా ఎన్నో కుటుంబాలు వేడుకున్నాయి. ఆ భాగ్యం హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)కి దక్కింది. ఆయనది మేడ ఇల్లు. తనను కలుసుకోవడానికి వచ్చేవారికి వీలుగా ఉంటుందని ప్రవక్త (స) కింది భాగంలో ఉండడానికే ఇష్టపడ్డారు. అబూ అయ్యూబ్ దంపతులు పైన ఉన్నారు.

ఒకనాడు పైన నీళ్ళకుండ పగిలింది. నీళ్ళు నేలంతా పరుచుకున్నాయి. ఆ నీళ్ళు కింద ఉన్న ప్రవక్త (స) మీద ఎక్కడ కారతాయోనని ఆ దంపతులు తల్లడిల్లిపోయారు. వారికి కప్పుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క దుప్పటి. ఆ దుప్పటితోనే నీళ్ళన్నీ అద్ది తీశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

ఈ సంఘటనను మనం మీలాద్ సభల్లో, జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. విని కళ్ళు చెమర్చుకున్నాం. కాని ఇంటికి వచ్చాక మన పై పోర్షను స్నానాలగది నుండి కింది పోర్షను వంటగదిలోకి నెలల తరబడి నీళ్ళు కారుతుంటే మాత్రం మనకు చీమ కుట్టినట్లయినా ఉండదు. అద్దెకున్న ఇల్లాలు వచ్చి చెబితే "ఈ వానలు వెళ్ళనివ్వమ్మా, చూద్దాం" అంటాం. వానలు వెళతాయి, మాట మరచిపోతాం. చివరికి ఆ కుటుంబం విసిగి ఖాళీ చేస్తుంది. అప్పుడు మేస్త్రీని పిలిపించి గోడకు పుట్టీ పెట్టించి, రంగు వేయించి, హాల్లో నాలుగు రంగుల దీపాలు బిగించి, గేటుకు టు-లెట్ బోర్డు తగిలిస్తాం. అద్దె మరో వెయ్యి పెంచుతాం. చెమ్మ మాత్రం గోడలోనే ఉంటుంది.

అద్దె ఇంటిని బాగుచేయించడం చాలా మంచి పని. అయితే ఏది ముందు చేయించాలి, ఏది తర్వాత చేయించాలి, ఏది అసలే అక్కరలేదు అన్నది తెలిసి చేయించాలి. ఇందులో లోకజ్ఞానమూ ఉంది, దీన్ కూడా ఉంది.

అద్దె దేనికి?

హైదరాబాదు పాతబస్తీ మొదలుకొని గుంటూరు, కర్నూలు, కడప వరకు అద్దె మీదే బతికే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. భర్త పోయిన స్త్రీకి మిగిలిన ఆసరా కింది రెండు గదుల అద్దె. కువైట్‌లోనో సౌదీలోనో ఇరవై ఏళ్ళు చెమటోడ్చి వచ్చినవాడు కట్టుకున్నది ఒక మేడ, దానిలో రెండు పోర్షన్లు. ఇంకొకరికి తండ్రి నుండి వాటాగా వచ్చింది పెంకుటిల్లే. వీరెవరూ కోటీశ్వరులు కారు. పెట్టే ప్రతి రూపాయీ ఆలోచించి పెట్టవలసినవారే.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో అద్దె ఒప్పందాన్ని 'ఇజారా' అంటారు. ఇందులో అమ్మకం ఇటుకలది కాదు, వస్తువు ఇచ్చే ప్రయోజనానిది. దానినే ఫిఖ్‌హ్ పండితులు 'మన్‌ఫఅత్' అన్నారు. ఇల్లు నివాసానికి పనికివచ్చేలా ఉంచడం యజమాని బాధ్యత అని, అందుకు అవసరమైన పెద్ద మరమ్మతులు అతని మీదే ఉంటాయని వారు వివరించారు. అంటే అద్దెకున్నవాడు ప్రతి నెలా మన చేతిలో పెట్టే డబ్బు పొడిగా ఉన్న గోడకు, కురవని కప్పుకు, వచ్చే నీళ్ళకు, ప్రశాంతమైన నిద్రకు. అవి ఇవ్వకుండా మెరుపు ఇచ్చి అద్దె తీసుకుంటే ఒప్పందంలో మనం ఇవ్వవలసినది ఇవ్వనట్లే.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులోకి చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడి తడిసిందన్నాడు వర్తకుడు. జనానికి కనిపించేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసును ముస్లిం తన గ్రంథంలో నమోదు చేశారు. చెమ్మ పట్టిన గోడ మీద మెరిసే రంగు వేసి అద్దెకు ఇవ్వడానికీ, తడిసిన గింజల మీద పొడి గింజలు పోయడానికీ తేడా ఏమిటో ప్రతి ఇంటి యజమానీ తనను తాను ప్రశ్నించుకోవాలి.

మరొక మాట కూడా మనలో మనం చెప్పుకోవాలి. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్ళకు ఇచ్చేశామండీ" అన్న జవాబు విన్న అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ బాధ మనకు తెలుసు. అలా నాలుగు వీధులు తిరిగి అలసిపోయి మన గుమ్మానికి వచ్చిన కుటుంబానికి మనం ఏం ఇస్తున్నాం? "వీళ్ళకు ఇంకెక్కడ దొరుకుతుందిలే" అన్న ధీమాతో కురిసే గదీ, నీళ్ళు రాని కొళాయీ ఇస్తున్నామా? ఇతరులు చేసిన అన్యాయాన్ని మనం లాభంగా మార్చుకోవడం తగునా?

లెక్క ఎలా వేయాలి?

ఇక డబ్బు లెక్కకు వద్దాం. ఉదాహరణకు ఒక పోర్షనుకు నెలకు 8,000 రూపాయల అద్దె వస్తోందనుకుందాం. హాల్లో ఫాల్స్ సీలింగు, గోడకు అలంకారపు కాగితం, రంగుల దీపాలు కలిపి 60,000 రూపాయలు ఖర్చుచేసి అద్దె 500 పెంచామనుకుందాం. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 120 నెలలు, అంటే పదేళ్ళు పడుతుంది. ఈలోగా ఆ కాగితం ఊడిపోతుంది, ఆ దీపాలు మాడిపోతాయి.

ఇప్పుడు ఇంకొక లెక్క. అదే పోర్షను చెమ్మ వల్లనో నీళ్ళ కటకట వల్లనో ఒక్క నెల ఖాళీగా ఉంటే 8,000 పోయినట్లు. నెలకు 500 చొప్పున పెంచిన అద్దె 16 నెలలు వస్తేగాని ఈ ఒక్క నెల నష్టం పూడదు. పైగా కుటుంబం మారిన ప్రతిసారీ సున్నం, రంగు, విరిగిన గడియలు అన్నీ మన మీదే పడతాయి. కాబట్టి మంచి కుటుంబం అయిదారేళ్ళు కదలకుండా ఉండేలా చేసే సౌకర్యమే యజమానికి అసలు లాభం. అద్దెకున్నవారి మేలు, యజమాని మేలు ఇక్కడ ఒకటే.

మొదటి పని: చెమ్మ, నీళ్ళు

రంగు డబ్బా తెరవకముందే చెమ్మ ఎక్కడి నుండి వస్తోందో కనిపెట్టాలి. నేల నుండి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే ఉంటే అది పునాది నుండి పైకి పాకుతున్న చెమ్మ కావచ్చు. గోడ మధ్యలో ఒకచోట మచ్చలాగా ఉంటే లోపలి పైపు కారుతుండవచ్చు. పైకప్పు అంచున ఉంటే డాబా మీద వాన నీళ్ళు నిలుస్తున్నాయని అనుమానించాలి. మూలం పట్టుకోకుండా రంగు వేస్తే తెల్లని ఉప్పు మళ్ళీ బయటికి వస్తుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. చెమ్మ గోడల మీద బూజు పెరుగుతుంది. ఆ గాలి ఆయాసం ఉన్న పిల్లలకు, పెద్దలకు ఎంతో కీడు చేస్తుంది.

డాబా మీద నీళ్ళు గొట్టం వైపు జారేలా వాలు ఉండాలి. స్నానాలగది గచ్చు కొత్తగా వేయించినప్పుడు టైల్స్ అతికించకముందే గొట్టం మూసి, 24 గంటల పాటు నీళ్ళు నిలబెట్టి, కింది గదిలోకి వెళ్ళి కప్పు చూడాలి. ఈ ఒక్క రోజు ఓపిక లేకనే ఎన్నో ఇళ్ళలో టైల్స్ వేసిన తర్వాత పగలగొట్టవలసి వస్తోంది.

ఆ తర్వాత నీళ్ళు. మన దేశంలో పట్టణాల నీటి పథకాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణంగా పెట్టుకున్నారు. అయిదుగురు ఉన్న ఇంటికి 675 లీటర్లు. కాబట్టి ఒక్కొక్క పోర్షనుకు 1,000 లీటర్ల ట్యాంకు విడిగా ఉంటే ఇంటివారికీ అద్దెవారికీ నీళ్ళ దగ్గర తగాదా రాదు. మిగులు నీటిని ఇతరులకు అందకుండా ఆపవద్దని ప్రవక్త (స) వారించారు. అలాంటప్పుడు మోటారు స్విచ్చి తన పడకగదిలో పెట్టుకుని, కోపం వచ్చినప్పుడల్లా నీళ్ళు ఆపే యజమాని ఏం జవాబు చెబుతాడు? రమజాన్‌లో సహరీ వేళకు, ఫజ్ర్ వుజూకు నీళ్ళుండేలా రాత్రే ట్యాంకు నిండే ఏర్పాటు ఉండాలి. ట్యాంకుకూ సంపుకూ బిగుతైన మూత తప్పనిసరి. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి నిలవ ఉన్న మంచినీళ్ళలోనే.

కనిపించని కరెంటు పని

గోడలోని తీగ కంటికి కనిపించదు కాబట్టి దానికి డబ్బు పెట్టబుద్ధి కాదు. కాని పాత ఇళ్ళలో ప్రాణం తీసేది అదే. ఒక ఫ్యానుకూ రెండు బల్బులకూ వేసిన పాతకాలపు తీగల మీద ఇవాళ ఫ్రిజ్, గీజరు, మిక్సీ, వాషింగ్ మెషీను అన్నీ నడుస్తున్నాయి. 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. చిన్న ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా వేయించాలి. ఎర్తింగు సరిగా ఉందో లేదో తెలిసినవాని చేత పరీక్ష చేయించాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టిస్తే కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకు పారబోయిన క్షణంలోనే సరఫరా తెగిపోతుంది. హాల్లో ఒక అలంకార దీపం మానుకుంటే దీనికి డబ్బు సరిపోతుంది.

ప్రతి పోర్షనుకూ విడి మీటరు తీసుకోవడం మరో మంచి పని. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి మన రాష్ట్రాల్లో ఉంది. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే వాడకం కలిసి పై శ్లాబులోకి వెళుతుంది, ఇద్దరికీ బిల్లు బరువవుతుంది. సబ్ మీటరు పెట్టి, తాము కట్టేదానికంటె ఎక్కువ ధర అద్దెవారి నుండి వసూలు చేసేవారూ ఉన్నారు. తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం తప్పదని దివ్య ఖుర్‌ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో హెచ్చరించింది. కరెంటు మీటరు కూడా ఒక కొలపాత్రే.

ఫ్యాన్లు మార్చవలసివస్తే కొత్త బి.ఎల్.డి.సి. రకం చూడవచ్చు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే ఇది 30 వాట్లకు అటూ ఇటుగా తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్ల ఆదా. ఏ.సి. మనం కొని పెట్టనక్కరలేదు. దానికి తగిన తీగ, ప్లగ్గు, నీళ్ళు పోయే గొట్టానికి రంధ్రం ఉంచితే చాలు. యంత్రం కావలసినవారు తెచ్చుకుంటారు. ఎలక్ట్రిక్ స్కూటర్లు పెరిగాయి కాబట్టి బండ్లు పెట్టే చోట ఆ పోర్షను మీటరు నుండే ఒక ప్లగ్గు ఇవ్వవచ్చు. అయితే అది మెట్ల కింద ఉండకూడదు. నిప్పు అంటుకుంటే దిగే దారి మూసుకుపోతుంది.

స్నానాలగది, మరుగుదొడ్డి

ఇక్కడ నేల మెరవకూడదు. నున్నటి టైల్స్ తడిసినప్పుడు జారి తుంటి ఎముక విరిగిన పెద్దలు ప్రతి వీధిలోనూ ఉంటారు. గరుకుగా ఉండే టైల్స్ వేయించి, కమోడు పక్కన గోడకు ఒక ఉక్కు కడ్డీ బిగిస్తే వృద్ధులున్న కుటుంబం ఆ ఇల్లు వదలదు. శుద్ధి కోసం చేతి స్ప్రే, కూర్చుని వుజూ చేసుకోవడానికి తక్కువ ఎత్తులో ఒక కొళాయి, కాళ్ళు కడిగిన నీళ్ళు జారిపోయే చిన్న గట్టు. ఇవి చవకలో అయ్యే పనులు, నమాజీ కుటుంబానికి రోజుకు అయిదుసార్లు ఉపయోగపడే పనులు.

మరుగుదొడ్డి కొత్తగా కట్టిస్తున్నప్పుడు దిక్కు చూసుకోవాలి. కాలకృత్యాల సమయంలో ఖిబ్లాకు ముఖం గాని వీపు గాని పెట్టవద్దన్న హదీసును ఉల్లేఖించినది కూడా అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)నే. నాలుగు గోడల మధ్య ఈ ఆదేశం ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. అయినా కొత్తగా పెట్టేటప్పుడు జాగ్రత్త పడితే ఖర్చేమీ పెరగదు. మన తెలుగు ప్రాంతాలకు ఖిబ్లా పడమర దిక్కున, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. కాబట్టి కమోడు ఉత్తర దక్షిణాలుగా పెడితే సరిపోతుంది.

గ్యాసు గీజరును మాత్రం మూసిన స్నానాలగది లోపల పెట్టనే కూడదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనిషి స్పృహ తప్పి అక్కడే ప్రాణం విడుస్తాడు. పెట్టవలసివస్తే బయట గాలి ఆడే చోట పెట్టి, వేడినీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి తేవాలి.

వంటగది

ఇల్లాలు రోజులో ఎక్కువసేపు నిలబడేది ఇక్కడ. అయినా యజమానులు హాలుకు పెట్టినదానిలో పావు వంతు కూడా దీనికి పెట్టరు. గట్టు ఎత్తు 32 నుండి 34 అంగుళాలుంటే మన స్త్రీలకు నడుము నొప్పి రాదు. గట్టుకు పాలరాయి వద్దు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పాలరాయి మీద మరక, గరుకు మిగిలిపోతాయి. గ్రానైటు అయితే తట్టుకుంటుంది. గట్టు కింద ప్లైవుడ్ అల్మారాలు చెమ్మకు ఉబ్బి, చెదలు పట్టి మూడు నాలుగేళ్ళకే పాడవుతాయి. అదే చోట కడప బండలు అడ్డంగా పెట్టించి తలుపులు మాత్రం బిగిస్తే తరతరాలు ఉంటాయి.

పొగ పోయే ఫ్యాను, దానికి ఎదురుగా గాలి వచ్చే కిటికీ రెండూ ఉండాలి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. లీకయితే నేల మీదే పరుచుకుంటుంది. అందువల్ల సిలిండరు ఉండే చోట నేలకు దగ్గరగా ఒక జాలీ రంధ్రం పెట్టించాలి. పైన వెంటిలేటరు ఉంది కదా అని ఊరుకోకూడదు.

గాలి, వెలుతురు, ఎండ

పై పోర్షనులో ఉండేవారికి వేసవి ఒక పరీక్ష. డాబా మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత వేయిస్తే కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. రేకుల గదులకు ఈ పూత మరీ అవసరం. కిటికీలకు దోమతెర బిగించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. సాయంత్రం కిటికీ తెరుచుకునే భాగ్యం దానివల్ల కలుగుతుంది.

నేల విషయంలో ఒక మాట. పాత ఇంట్లో బేతంచెర్ల నాపరాళ్ళో తాండూరు బండలో ఉంటే వాటిని పీకించి టైల్స్ వేయాలని తొందరపడవద్దు. సందులు నింపి పాలిషు పట్టిస్తే కొత్త నేలలాగే ఉంటాయి. మిగిలిన డబ్బు పైపులకు పనికివస్తుంది.

పరదా, ఏకాంతం

ఇళ్ళను అల్లాహ్ మనకు విశ్రాంతి స్థలాలుగా చేశాడని ఖుర్‌ఆన్ నహల్ సూరాలో తెలియజేస్తోంది. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా, సలామ్ చెప్పకుండా ప్రవేశించవద్దని నూర్ సూరా ఆదేశిస్తోంది. అద్దెకిచ్చిన ఇల్లు మన పేరు మీద ఉన్నా, ఆ గడప లోపల అది వారి ఇల్లే. తాళంచెవి ఇంకొకటి మన దగ్గర ఉందని తలుపు తీయడానికి వీల్లేదు. "మీటరు చూద్దామని", "ట్యాంకు చూద్దామని" ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్న వేళ నేరుగా వెళ్ళకూడదు. బాగుచేయించేటప్పుడే మీటరు, మోటారు, ట్యాంకు మెట్లు బయటి వైపు ఉండేలా చూస్తే ఈ సమస్యే రాదు.

విడి ద్వారం, బట్టలు ఆరేసుకోవడానికి జాలీ మరుగున దండెం, ఎదురింటి ముంగిట్లోకి చూపు పడకుండా తగిన ఎత్తులో కిటికీ, రాత్రివేళ మెట్ల మీద దీపం. ఇవి మన కుటుంబాలు అడగడానికి మొహమాటపడే సౌకర్యాలు. అడగకముందే చేయించడం మర్యాద. ఇవి ముస్లింలకే కాదు, ఏ మతానికి చెందిన ఇల్లాలికైనా అవసరమే.

గోడకు మేకు

"గోడకు మేకు కొట్టొద్దు" అన్నది ఇంటి యజమానుల మొదటి షరతు. పొరుగువాడు మీ గోడలో కొయ్య దిగ్గొట్టుకుంటానంటే అడ్డు చెప్పవద్దన్న ప్రవక్త (స) మాటను అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. ఆ మాట పొరుగువారి గురించి చెప్పినదే అయినా, దాని వెనుక ఉన్న విశాలహృదయం మనకు పాఠం కావాలి. గోడ పాడవుతుందన్న భయం ఉంటే ప్రతి గదిలోనూ ఒక చెక్క పట్టీ బిగించి దానికి కొక్కేలు పెట్టించండి. కర్టెన్ల కడ్డీలు మీరే వేయించండి. పసిబిడ్డ ఉయ్యాలకు కప్పులో ఒక గట్టి కొక్కెం ఉంచండి. ఆ ఇంట్లో పుట్టి పెరిగే బిడ్డ మిమ్మల్ని మంచి మాటతో తలచుకుంటుంది.

డబ్బు ఎక్కడి నుండి?

వడ్డీకి అప్పు తెచ్చి అద్దె ఇల్లు అలంకరించడం హరామును మెట్టుగా చేసుకుని హలాల్ సంపాదనకు ఎక్కాలనుకోవడమే. పెద్ద మొత్తం డిపాజిట్టుగా తీసుకుని అద్దె లేకుండా ఇల్లిచ్చే పద్ధతి కూడా పట్టణాల్లో ఉంది. అప్పు మీద లాభం పొందడం అవుతుంది కాబట్టి చాలామంది ఉలమాలు దీన్ని అనుమతించరు. అంతకంటె ప్రతి ఏడూ ఒక నెల అద్దెను మరమ్మతుల కోసం వేరుగా తీసిపెట్టండి. ఒక ఏడు నీళ్ళ పని, మరుసటి ఏడు కరెంటు పని, ఆ తర్వాత వంటగది. ఇలా వరుసగా చేస్తే అప్పు అక్కరలేదు.

అద్దెవారు ఇచ్చిన అడ్వాన్సును బాగుచేత పనుల్లో ఖర్చుపెట్టి, వారు ఖాళీ చేసేటప్పుడు "కొత్తవాళ్ళు రానీ, ఇస్తాను" అనడం మనలో మామూలైపోయింది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఖుర్‌ఆన్ ఆదేశం. ఆ డబ్బు మనది కాదు. అలాగే పని చేసిన మేస్త్రీకి, ప్లంబరుకు చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని మరువకూడదు. జకాత్ విషయంలోనూ సందేహం వద్దు. అద్దెకిచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదని, ఖర్చులు పోను మిగిలి ఏడాది నిలిచిన సొమ్ము నిసాబ్‌కు చేరితే రెండున్నర శాతం చెల్లించాలని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

మాట కాగితం మీద

అప్పు వ్యవహారాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఖుర్‌ఆన్ బఖరా సూరాలో వివరంగా బోధించింది. అద్దె వ్యవహారానికీ అదే మంచి పద్ధతి. ఇల్లు అప్పగించే రోజున ఫ్యాన్లెన్ని, కొళాయిలెన్ని, ఏది ఏ స్థితిలో ఉంది అన్నది రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి ఇద్దరూ ఉంచుకోవాలి.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇది రాష్ట్రాలు తమ చట్టాలు చేసుకోవడానికి ఇచ్చిన నమూనా. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించకూడదని, యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని అందులో ఉంది. వేరే ఒప్పందం లేకపోతే కట్టడం మరమ్మతులు, సున్నం రంగులు, పైపులు, అవసరమైనప్పుడు వైరింగు యజమాని బాధ్యత. కొళాయి వాషర్లు, స్విచ్చిల వంటి చిన్న మరమ్మతులు అద్దెవారివి. అద్దెవారు ఉండగా ఇంటికి మెరుగులు చేయించి అద్దె పెంచాలంటే పని మొదలుపెట్టకముందే వారితో ఒప్పందం చేసుకోవాలని కూడా ఆ నమూనా చెబుతోంది. తెలియకుండా పని చేయించి, తర్వాత బిల్లు చూపి అద్దె పెంచడం లోకరీతికీ విరుద్ధం, పరస్పర అంగీకారం కోరే ఇస్లామీ న్యాయానికీ విరుద్ధం.

అద్దెకున్న సోదరులకూ ఒక మనవి. హక్కు ఉన్నచోట బాధ్యత ఉంటుంది. కారే కొళాయిని చూసీ చూడనట్లు వదిలేయడం, సింకులో బియ్యం, ఎముకలు పోయడం, ఖాళీ చేసేటప్పుడు బల్బులతో సహా పీక్కుపోవడం అమానత్‌లో ద్రోహమే. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీళ్ళు వృథా చేయవద్దని బోధించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది.

ముందు ఒక రాత్రి ఉండి చూడండి

పోర్షను ఖాళీ అయినప్పుడు రంగుల పుస్తకం తిరగేయకముందు ఒక పని చేయండి. కుటుంబంతో సహా ఒక రాత్రి ఆ పోర్షనులో ఉండి చూడండి. అక్కడే వంట చేయండి, అక్కడే వుజూ చేయండి, అక్కడే పడుకోండి. నీళ్ళు ఎప్పుడు ఆగాయి, దోమ ఎటు నుండి వచ్చింది, ఏ స్విచ్చి ముడితే జివ్వుమంది, ఏ మూల చెమ్మ వాసన వేసింది అన్నది తెల్లవారేసరికి మీకే తెలుస్తుంది. ఏ మేస్త్రీ ఇవ్వలేని జాబితా అది. ఆ జాబితాలోని పనులన్నీ అయ్యాక డబ్బు మిగిలితే అప్పుడు గోడకు నచ్చిన రంగు వేయించండి. ఇంటికి అందం ఉండడం తప్పు కాదు. అది కడపట రావాలి, అంతే.

తన కోసం కోరుకునేదే తన సోదరుని కోసం కోరుకోనంతవరకు విశ్వాసం పరిపూర్ణం కాదన్నది ప్రవక్త (స) బోధ. మదీనాలోని ఆ మేడ మీద అబూ అయ్యూబ్ దంపతులు తమకున్న ఒక్క దుప్పటినీ తడిపి, ఆ రాత్రి కప్పుకోవడానికి ఏమీ లేకుండా ఉండిపోయారు. కింద ఉన్న అతిథి మీద ఒక్క చుక్క పడకూడదన్నదే వారి ఆరాటం. మన పోర్షనులో ఉన్నవారి కోసం మన దుప్పటి తడుపుకోనక్కరలేదు. కారే పైపు బాగుచేయిస్తే చాలు.

మన ఇళ్ళను మనకూ, వాటిలో తలదాచుకునేవారికీ ప్రశాంత నిలయాలుగా చేయవలసిందిగా, మన అద్దె ఆదాయంలో బర్కత్ ప్రసాదించవలసిందిగా ఆ కరుణామయుణ్ణి వేడుకుందాం. ఆమీన్.